ఇరుకులో కృతజ్ఞతాస్తుతి



 సోలాపూర్, భివండి, సూరత్, ముంబయి పట్టణాల్లో సాంచెల చప్పుడు మధ్య కాపురాలు చేసుకొంటున్న మన తెలుగువారిని ఇంతవరకు కాపాడిన దేవునికి స్తోత్రం. ఈసారి ఒక ప్రశ్నను మీ ముందు పెట్టాలని ఆశపడుతున్నాను. ప్రశ్న నాది కాదు, మన సంఘంలోని ఒక సహోదరిది. జవాబు చెప్పవలసిన స్థానంలో నేనున్నాను. మొదట తప్పు జవాబు చెప్పాను. అందుచేత ఈ నాలుగు మాటలు రాయడం నా బాధ్యత అనుకొంటున్నాను.

ఆ రోజు గృహకూడిక ఆ సహోదరి ఇంట్లోనే జరిగింది. రెండు గదుల ఇల్లు. ఒక గదిలో మేమందరం చాపల మీద కూర్చున్నాము. రెండో గది గడప దగ్గర తడిపిన తునికాకు, తంబాకు చేట, కత్తెర, దారపు ఉండ ఒక పక్కకు జరిపి ఉన్నాయి. ఆమె భర్త అక్కల్‌కోట్ రోడ్డు వైపు ఒక కార్ఖానాలో టవల్ సాంచెల మీద పని చేస్తాడు. గిరాకీ లేదని యజమాని సగం సాంచెలు ఆపేశాడు. వారానికి మూడు నాలుగు పాళీలకు మించి పని దొరకడం లేదు. కూతురి కాలేజీ ఫీజు బాకీ ఉంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే నేను ఆ రోజు 1 థెస్సలొనీకయ 5:18 మీద వాక్యం చెప్పాను. చెప్పి, ఒక్కొక్కరూ ఒక్కొక్క మేలును తలచుకొని దేవునికి స్తుతి చెల్లించమన్నాను.

అందరూ చెప్పారు. ఆమె వంతు వచ్చింది. కొంచెంసేపు మాటలేదు. తరువాత ఇలా అడిగింది:

"సారూ, ఆ వాక్యం నాకు చిన్నప్పటిసంది ఎరుకే. కానీ దేనికి స్తుతి చెప్పాలె? మా ఆయనకు పని సగమైనందుకు చెప్పాల్నా? వెయ్యి బీడీలు చేసి తీస్కపోతే నాలుగు కట్టలు బాగ లేవని పక్కకు పెట్టిండ్రు. ఆకే పొట్టిది, పుచ్చుది ఇస్తిరి. దానికి చెప్పాల్నా? లేని సంతోషం ఉన్నదని దేవునితోని అబద్ధం చెప్పమంటరా?"

నేను, "అమ్మా, విశ్వాసి ప్రశ్నించకూడదు. అన్నిటికీ స్తుతి చెప్పాల్సిందే" అన్నాను. ఆమె తల వంచుకొని "స్తోత్రం" అన్నది. ప్రార్థన ముగిసింది. చాయ్ తాగి ఇళ్లకు వెళ్లిపోయాము.

ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. పిల్లవాడు అర్థమై "అర్థమైంది సార్" అన్నాడో, సారు నుంచి తప్పించుకోవడానికి అన్నాడో గొంతు వింటే తెలుస్తుంది. ఆమె అన్న "స్తోత్రం" రెండో రకానిది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేచి లైటు వేసి బైబిలు తీశాను.

వ్యాకరణం చెప్పిన పంతులుకు మొదట కంటబడేది విభక్తులే. థెస్సలొనీకయ పత్రికలో ఉన్నది "అందు" అనే మాట. అది సప్తమీ విభక్తి. "కొరకు", "కై" అన్నవి చతుర్థి. అపొస్తలుడు ప్రతి పరిస్థితిలోనూ స్తుతి చెల్లించమన్నాడు గాని, ప్రతి పరిస్థితి కొరకూ చెల్లించమని ఇక్కడ చెప్పలేదు. గ్రీకు మూలంలోనూ "లో" అనే అర్థమే వస్తుంది. జ్వరంలో ఉన్నవాడు స్తుతి చెల్లించవచ్చు. జ్వరానికే స్తుతి చెల్లించమంటే అది వేరే సంగతి. నేను ఆ సహోదరికి ఒక విభక్తిని మార్చి చెప్పాను. మార్చిన విభక్తి ఆమె మెడకు బరువైంది.

అయితే ఇక్కడితో ఆగితే నిజాయితీ కాదు. ఎఫెసీ 5:20లో అదే పౌలు సమస్తమును గూర్చి స్తుతి చెల్లించమంటున్నాడు. "గూర్చి" ద్వితీయా విభక్తి. ఇప్పుడేమంటావు పంతులూ అని మీరు నన్ను అడగవచ్చు. నేనూ నన్ను అడుగుకొన్నాను. ఆ వచనాన్ని పూర్తిగా చదివితే, ఆ స్తుతి యేసుక్రీస్తు పేరట చెల్లించవలసినదని ఉంది. ఆ షరతు చిన్నది కాదు. ఏ సంగతి మీద యేసు పేరు పెట్టగలమో దానిని గూర్చి స్తుతి చెల్లించగలము. కూలివాని కూలి బిగబట్టడం మీద ఆయన పేరు పెట్టగలమా? పుచ్చాకు ఇచ్చి మంచి బీడీ రాలేదని కట్టలు తీసేయడం మీద పెట్టగలమా? అలా పెడితే అది ఆయన నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించడమే అవుతుంది. దేవుడు చేయని పనిని దేవుని లెక్కలో రాసి ఆయనకు థాంక్స్ చెప్పడం భక్తి కాదు.

ఇంకొక సంగతి. ఆ మాట రాసినవాడు కుర్చీలో కూర్చొని రాయలేదు. పౌలు డేరాలు కుట్టేవాడు (అపొ. కా. 18:3). బట్టతో, దారంతో బ్రతికినవాడు. థెస్సలొనీకలో ఎవరికీ భారం కాకూడదని రాత్రింబగళ్లు పని చేశానని తానే చెప్పుకొన్నాడు (1 థెస్స. 2:9). అక్కడి సంఘస్థులు కూడా సుఖంగా లేరు. యాసోను ఇంటి మీదికి అల్లరిమూక వచ్చింది, అతని చేత జామీను తీసుకొన్నారు (అపొ. కా. 17). కష్టంలో ఉన్న పనివాడు కష్టంలో ఉన్న పనివారికి రాసిన మాట అది. దానినే కడుపు నిండినవాడు కడుపు మాడినవానికి చెబితే, అక్షరాలు అవే అయినా అర్థం మారిపోతుంది.

బడిలో ప్రతి ఉదయం మేము మొదట చేసే పని హాజరు వేయడం. వచ్చిన పిల్లవానికి వచ్చినట్టు, రానివానికి రానట్టు గుర్తు పెడతాము. ఇన్‌స్పెక్టరు మెచ్చుకోవాలని అందరికీ హాజరు వేసే పంతులు అబద్ధీకుడు. అలాగని ముగ్గురు రాలేదని విసుగుతో ఉన్న ముప్పైమంది పేర్లు పిలవని పంతులు కూడా తన పని చేయనివాడే. కృతజ్ఞత హాజరు పట్టీ వంటిదని నాకు ఆ రాత్రి తోచింది. ఉన్న మేలును పేరు పెట్టి పిలవాలి. లేనిదానిని లేదనే రాయాలి. రెండూ నిజంగా ఉండాలి.

హబక్కూకు గ్రంథం చివర ఏమున్నదో చూడండి (3:17, 18). అంజూరపు చెట్టుకు పూత లేదు, ద్రాక్షలు లేవు, ఒలీవ పంట లేదు, పొలంలో గింజ లేదు, దొడ్డిలో గొర్రె లేదు, సాలలో పశువు లేదు. వరుసగా ఆరు "లేదు"లు. ప్రవక్త ఒక్క "లేదు"ను కూడా "ఉంది" అని దిద్దలేదు. ఆరింటినీ పట్టీలో రాసిన తరువాతనే, అయినా నేను ప్రభువునందు ఆనందిస్తానన్నాడు. ఆ "అయినా"కు బలం ఆ ఆరు "లేదు"ల నుంచే వచ్చింది. అంతేకాదు, అదే గ్రంథం మొదటి అధ్యాయంలో ఆయన దేవునితో వాదించాడు. ఎంతకాలం మొరపెట్టాలి, నీవెందుకు వినవు, అన్యాయాన్ని ఎందుకు చూస్తూ ఊరుకొంటావు అని అడిగాడు. దేవుడు ఆయనను వెళ్లగొట్టలేదు, జవాబు ఇచ్చాడు. మనం మూడో అధ్యాయం గోడకు తగిలించుకొంటాము, మొదటి అధ్యాయం దాచిపెడతాము. నేను ఆ సహోదరిని మొదటి అధ్యాయం చదవనివ్వకుండా మూడో అధ్యాయం అప్పగించమన్నాను.

మరి సణుగువారిని దేవుడు శిక్షించాడు గదా అని కొందరు పెద్దలు అంటారు. అవును, అరణ్యంలో శిక్షించాడు. కాని ఐగుప్తులో, వెట్టిచాకిరి కింద ఆ జనమే మూల్గుతూ మొరపెట్టినప్పుడు ఆయన విన్నాడు, వారి దుఃఖం నాకు తెలుసన్నాడు, మోషేను పంపాడు (నిర్గమ 2:23 నుండి 3:10). మొర వేరు, సణుగు వేరు. మొర దేవుని ఎదుట నిలిచి ఆయనతో చెప్పేది. సణుగు ఆయనకు వీపు పెట్టి పక్కవానితో చెప్పేది. మొర పెట్టేవాడు దేవుడు న్యాయవంతుడని నమ్ముతాడు గనుకనే అడుగుతాడు. కాబట్టి మొరలో కూడా విశ్వాసముంది. నోరు మూయించి చెప్పించిన స్తుతిలోనే అది ఉండకపోవచ్చు. మన ప్రభువు అప్పగింపబడిన రాత్రి రొట్టె పట్టుకొని స్తుతి చెల్లించాడు (1 కొరింథీ 11:23, 24). అదే రాత్రి తోటలో, సాధ్యమైతే ఈ గిన్నె తొలగించమని అడిగాడు. రెండు ప్రార్థనలూ ఒకే రాత్రివి, ఒకే నోటివి.

కీడులోనుంచి దేవుడు మేలు తీయడా? తీస్తాడు. అందుకు యోసేపే సాక్షి (ఆది 50:20). కాని ఆ మాట ఎవరన్నారో గమనించండి. గుంటలో పడినవాడు, అమ్ముడుపోయినవాడు, చెరసాలలో మగ్గినవాడు అన్నాడు. అదీ ఎన్నో ఏళ్లు గడిచాక వెనక్కి తిరిగి చూసి అన్నాడు. అన్నలు అనలేదు. గుంట అంచున నిలబడి కిందికి తొంగిచూస్తూ, "తమ్ముడూ, ఇదంతా నీ మేలుకే, స్తుతి చెల్లించు" అని అన్నలు చెప్పి ఉంటే ఎలా ఉండేది? యోసేపు కూడా మీరు చేసింది మేలే అని వారితో అనలేదు. మీరు కీడే తలపెట్టారు, దేవుడు దానిని మేలు వైపు మళ్లించాడన్నాడు. కీడుకు కీడు అనే పేరు ఉంచే, దేవునికి మహిమ ఇచ్చాడు.

హాలెండు దేశపు కోరీ టెన్ బూమ్, ఆమె అక్క బెట్సీల సంగతి మీలో చాలామంది ప్రసంగాల్లో విన్నారు. యూదులను ఇంట్లో దాచినందుకు 1944లో వారిని పట్టుకొన్నారు. రావెన్స్‌బ్రూక్ అనే జర్మన్ నిర్బంధ శిబిరంలో పురుగులు నిండిన బారకులో పడేశారు. బెట్సీ ఆ పురుగులకు కూడా దేవునికి స్తుతి చెప్పింది. ఆ పురుగులకు భయపడి కావలివారు లోపలికి రాక, ఖైదీలు నిర్భయంగా వాక్యం చదువుకోగలిగారని తరువాత తెలిసింది. గొప్ప సాక్ష్యం. కాని బెట్సీ ఆ బారకులోనే పండుకొన్నది, ఆ పురుగులే ఆమెనూ కుట్టాయి, ఆ ఏడాది డిసెంబరులో ఆ శిబిరంలోనే కన్నుమూసింది. పురుగుల కొరకు స్తుతి చెప్పే హక్కు ఆమెకు ఉంది. బయట దోమతెర వేసుకొని పండుకొన్న నాకు, ఇంకొకరిని ఆ స్తుతి చెప్పమనే హక్కు లేదు. శ్రమపడేవారు తామంతట తాము అర్పిస్తే అది బలి. పక్కవారు పిండుకొంటే అది పన్ను.

మన తెలుగు బాప్టిస్టుల చరిత్రలో ఈ సంగతిని చక్కగా గ్రహించిన ఒకరున్నారు. 1876-78 నాటి గొప్ప కరువు మద్రాసు రాజధానిని, ఈ దక్కను ప్రాంతాన్ని ఒక్కసారే పట్టింది. ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఆకలితో వచ్చే జనాన్ని చూసి, ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల భాగాన్ని కాంట్రాక్టు తీసుకొన్నారు. బిచ్చం కాదు, పని చూపించారు, కూలి ఇచ్చారు. మన బోధకులే మేస్త్రీలుగా నిలిచి పని చేయించారు, విరామంలో ఓదార్పు మాటలు చెప్పారు. జనం వేలుగా బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వస్తున్నారో ప్రభువు కోసం వస్తున్నారో తెలియని కాలంలో బాప్తిస్మం ఇవ్వకూడదని పదిహేను నెలల పాటు ఆపారు. కరువు పనులు, సాయం ముగిసిపోయాక కూడా జనం వచ్చారు. అప్పుడు 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఏడాది ముగిసేలోగా ఆ లెక్క 9,000 దాటింది.

2,222 అనే అంకెను మనం ప్రతి జూబిలీలోనూ చెప్పుకొంటాము. దానికి ముందున్న పదిహేను నెలలను అంతగా చెప్పుకోము. నాకు ఆ నెలలే పెద్దవిగా కనిపిస్తాయి. కృతజ్ఞతను అన్నంతో కొనరాదని, ఆకలితో ఉన్నవాని నోట పిండుకొన్న స్తోత్రం దేవునికి వద్దని ఆయన గ్రహించారు. మొదట పని, కూలి, గంజి. స్తుతి దాని వేళకు అదే వచ్చింది. వేల గొంతులతో వచ్చింది.

ఇక మన సోలాపూర్ సంగతి. ఆ కరువు ఏళ్లలోనే, 1877లో, ఇక్కడ జూనీ మిల్లు మొదలైంది. తెలంగాణ జిల్లాల నుంచి నేతగాళ్లు అంతకు ముందూ వచ్చారు, ఆ తరువాతా తరతరాలుగా వస్తూనే ఉన్నారు. కరువులే కొందరిని తరిమాయి. పూర్వభాగ్ పేటల్లో ఏ వీధిన నడిచినా తెలుగు వినబడేది అందుకే. పని మూతపడడం మన ఊరికి కొత్త కాదు. 1949 ఆగస్టులో ఆ జూనీ మిల్లే మూతపడింది. 1950 జనవరిలో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి మిల్లు నిర్వాహం చేతికి తీసుకొంది. ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తరువాత అదీ, మిగతా పెద్ద మిల్లులూ ఒక్కొక్కటే శాశ్వతంగా ఆగిపోయాయి. జనం సాంచెలకు, చద్దర్లకు, టవళ్లకు మళ్లారు. ఆడవాళ్లు బీడీలతో ఇళ్లు నిలబెట్టారు. ఈ ఊరిలో ఎందరి బడి ఫీజు తల్లి చుట్టిన బీడీల నుంచి వచ్చిందో లెక్క లేదు.

ఈ తల్లులే సంఘాలు కట్టి, ఊరేగింపులు తీసి, ఏళ్ల తరబడి ఇళ్లు అడిగారు. 2006లో కుంభారి దగ్గర గోదూతాయి పరుళేకర్ పేరిట బీడీ కార్మికులకు సుమారు 10,000 ఇళ్లు వచ్చాయి. 2024 జనవరిలో రే నగర్‌లో 15,000 ఇళ్లను ప్రధానమంత్రి లబ్ధిదారులకు అంకితం చేశారు. వాటిలో సాంచెల కార్మికులు, బీడీ కార్మికులు కూడా ఉన్నారు. ఇల్లు వచ్చిన విశ్వాసి ఇంటి కూడిక పెట్టి దేవునికి స్తుతి చెల్లిస్తాడు. మంచిదే. కాని ఎండలో నడిచిన పొరుగువారి పేర్లు కూడా ఆ స్తుతిలో రావద్దా? వారు మన సంఘస్థులు కాకపోవచ్చు, దేవుణ్ణి నమ్మనివారు కూడా ఉండవచ్చు. స్వస్థత పొందిన పదిమంది కుష్ఠరోగుల్లో తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పినవాడు సమరయుడు, పరదేశి (లూకా 17:11-19). పరదేశంలో బ్రతుకుతున్న మనకు అది గుర్తుండాలి. మేలు ఎవరి చేతిమీదుగా వచ్చిందో ఆ చేతిని చూడకుండా ఆకాశం వైపే చూడడం సగం కృతజ్ఞత.

అలాగే, అడగడం కృతజ్ఞతకు విరోధం కాదు. ఫిలిప్పీ చెరసాల సంగతి చూడండి (అపొ. కా. 16). దెబ్బలు తిని, కాళ్లకు బొండ వేయించుకొని పౌలు సీలలు మధ్యరాత్రి కీర్తనలు పాడారు. ఆ భాగం మన పిల్లలకు కూడా తెలుసు. తెల్లవారి ఏం జరిగింది? న్యాయాధిపతులు, వారిని వదిలేయండి, పొమ్మనండి అని కబురు పెట్టారు. పౌలు స్తోత్రమని లేచిపోలేదు. విచారణ లేకుండా మమ్మల్ని బహిరంగంగా కొట్టించారు, ఇప్పుడు రహస్యంగా పంపుతారా, వారే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకొని వెళ్లాలని కూర్చున్నాడు. వారు వచ్చి బతిమాలుకొన్నారు. మధ్యరాత్రి పాడినవాడూ, తెల్లవారి న్యాయం అడిగినవాడూ ఒక్కడే. యాకోబు కూడా అంతే. శోధనల్లో ఆనందించమన్న కలమే (1:2), బిగబట్టిన కూలి మొరపెడుతున్నదని ధనవంతులను హెచ్చరించింది (5:4). చలికి వణికేవానితో వెచ్చగా ఉండు అని చెప్పి పంపేవాని విశ్వాసం వలన ప్రయోజనమేమని అడిగింది కూడా ఆ కలమే (2:15, 16).

ఆ చివరి మాట నేను 2021లో అనుభవించాను. కరోనా రెండవసారి వచ్చిన ఆ వేసవిలో నా తమ్ముడు చనిపోయాడు. సమాధికి నలుగురమే వెళ్లాము. ఆ సాయంకాలం ఒక సహోదరుడు ఫోను చేసి, అన్నీ మేలుకే, నీవు బ్రతికి ఉన్నందుకు స్తుతించు అని వాక్యాలు చదివి పెట్టేశాడు. మంచి మనసుతోనే చేశాడు. ఆ ఫోను పెట్టాక నా నోట ఒక్క ప్రార్థన రాలేదు. రాత్రి ఎనిమిదింటికి తలుపు చప్పుడైంది. తీసి చూస్తే మనిషి లేడు. గడప మీద టిఫిన్ డబ్బా ఉంది, అన్నం, పప్పు, జొన్నరొట్టెలు. ఎదురింటి వాళ్లు పెట్టి వెళ్లారు. వాళ్లు మార్కండేయుని గుడికి వెళ్లేవాళ్లు. డబ్బా మూత తీసినప్పుడు, అన్నం ఆవిరి ముఖానికి తగిలినప్పుడు, నాకు ఏడుపు, ప్రార్థన రెండూ వచ్చాయి. నేను స్తుతించాను. తమ్ముడు పోయినందుకు కాదు. పోయిన ఇంట్లో నన్ను ఒంటరిగా విడువనందుకు. ఇంత తెలిసినవాణ్ణి, మొన్నటి కూడికలో నేనే ఆ ఫోను చేసిన సహోదరుడినయ్యాను.

మరునాడు సాయంకాలం ఆ సహోదరి ఇంటికి వెళ్లి, "అమ్మా, నిన్న నీకు తప్పు చెప్పాను, క్షమించు" అన్నాను. ఆమె కంగారుపడి, "అయ్యో, గట్లనకుండ్రి సారూ" అని పీట వేసింది. నేను విభక్తుల సంగతి, హాజరు పట్టీ సంగతి చెప్పాను. విని, ఆకు కత్తిరిస్తూనే అన్నది: "గట్లయితే నాకు చెప్పేటియి ఉన్నయి సారూ. పోయిన వారం నా చేతి వేళ్లు వాచినయి. పక్కింటి వదినె తన పని కానిచ్చుకొని వచ్చి రెండు రాత్రులు నా ఆకు కత్తిరించి పెట్టింది. మా ఆయన పని లేదని తాగుడుకు పోలేదు, ఇంట్లనే కూసోని దారం చుడుతుండు. బిడ్డ చదువు మానుతా అనలేదు. ఈ మూడిటికీ దేవునికి స్తోత్రం. నాలుగు కట్టలకు మాత్రం చెప్పను." నేను ఆమేన్ అన్నాను. ఈసారి ఆమె "స్తోత్రం" అన్న గొంతు వేరు.

తరువాత ఆమె ఇంకొక మాట అన్నది. "రేపు మేం పదిమందిమి పోయి ఆకు సంగతి అడుగుదమనుకుంటున్నం. మీరు రాతకోతలు తెలిసినోళ్లు. వస్తరా?" నిజం చెప్పాలంటే వెనుకాడాను. సంఘ పెద్ద ఇలాంటి వాటిలోకి పోవచ్చునా, ఎవరేమంటారో అనుకొన్నాను. ఫిలిప్పీ తెల్లవారు గుర్తుకొచ్చింది. వెళ్లాను. అరుపులు లేవు. ఆడవాళ్లే మర్యాదగా అడిగారు, నేను కాగితం రాసిపెట్టాను. మునుపటి కట్టల డబ్బు తిరిగి రాలేదు. పుచ్చాకు వస్తే అప్పుడే మార్చి ఇస్తామన్నారు. ఇప్పటిదాకా కొన్నిసార్లు మార్చారు, కొన్నిసార్లు మార్చలేదు. వచ్చిన వారాన్ని వచ్చినట్టు, రాని వారాన్ని రానట్టు ఆమె రాసుకొంటున్నది.

ప్రియులారా, చివరిగా మన కుటుంబాల్లో పాటించదగిన కొన్ని సంగతులు మనవి చేస్తాను.

మొదటిది, రాత్రి కుటుంబ ప్రార్థనలో "అన్ని మేళ్లకు స్తోత్రం" అని ఒక్క మాటతో ముగించకండి. ఆ రోజు మేలును పేరుతో చెప్పండి. ఎవరి చేతిమీదుగా వచ్చిందో ఆ పేరూ చెప్పండి. వీలైతే మరునాడు ఆ మనిషికి కూడా చెప్పండి.

రెండవది, లేనిదానిని కూడా దేవుని ఎదుట చెప్పండి. మొరపెట్టడం పాపమని పిల్లలకు నేర్పకండి. కీర్తనల గ్రంథం నిండా మొరలే ఉన్నాయి. ఇంట్లో దుఃఖాన్ని దాచి గుడిలో నవ్వడం నేర్చుకొన్న పిల్లలు కొంతకాలానికి గుడికి రావడమే మానేస్తారు.

మూడవది, మనం ఇతరులను స్తుతించమని చెప్పబోయే ముందు, వారు తిన్నారో లేదో అడుగుదాము. ప్రభువు అయిదు రొట్టెలు పట్టుకొని స్తుతి చెల్లించాడు (యోహాను 6:11). అవి చాలవని అందరికీ తెలుసు. చాలనిదానిని చేతపట్టుకొనే స్తుతించాడు, స్తుతించి తన దగ్గర పెట్టుకోలేదు, పంచాడు. పంచనివాని స్తుతి సగంలో ఆగిపోయినట్టే.

నాలుగవది, ఇది ముఖ్యంగా నాతోటి సంఘ పెద్దలకు. మన సంఘస్థుల్లో ఎవరి కూలి ఆగింది, ఎవరికి పని పోయింది, ఎవరి ఇంట్లో జబ్బు ఉంది అన్నది కానుక లెక్కతోపాటు మనకు తెలిసి ఉండాలి. కృతజ్ఞతార్పణ పండుగనాడు పీఠం మీద గుమ్మడికాయలు, జొన్నలు, కొత్త చద్దర్లు పెడతారు. ఏమీ తేలేక వెనుక వరుసలో కూర్చున్నవారి దగ్గరికి ఆ రోజు మనమే నడిచి వెళ్లాలి. వారిని లేచి సాక్ష్యం చెప్పమని నేనైతే ఇక అడగను. వారి మొర వింటాను. స్తుతి వారి నోట ఎప్పుడు రావాలో దేవునికి తెలుసు. పదిహేను నెలలు ఓపిక పట్టిన పెద్దల సంతానము మనము.

ఇరుకులో విశాలత కలుగజేయు దేవుడు మీ ఇండ్లను, మీ చేతిపనిని ఆశీర్వదించును గాక. ఉన్నదానికి నిజమైన స్తుతిని, లేనిదానికి నిజమైన మొరను, పొరుగువాని కొరకు తెరిచిన తలుపును ఆయన మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ సహోదరుడు,
ఒక సంఘ పెద్ద, సోలాపూర్